ఖరీదైన హెడ్‌ఫోన్‌కు ఎలాంటి యాంప్లిఫయర్ కావాలి?

ఫ్రాన్స్‌కు చెందిన ఫోకల్ 2016లో తెచ్చిన యుటోపియా, చైనాకు చెందిన హైఫైమన్ తయారుచేసే సుస్వర, రెండూ ఆయా సంస్థల అగ్రశ్రేణి హెడ్‌ఫోన్లుగా పేరుపడినవే. రెండూ లక్షల్లో పలికేవే. పాటలో వచ్చే అతి పెద్ద దరువు చెవి దగ్గర 110 డెసిబెళ్లకు చేరాలంటే, తయారీదారులు ప్రకటించిన అంకెల ప్రకారం యుటోపియాకు 4 మిల్లీవాట్లు సరిపోతాయి, సుస్వరకు దాదాపు 500 మిల్లీవాట్లు కావాలి. తేడా నూట పాతిక రెట్లు. యుటోపియా అడిగే పాటి శక్తిని, ఫోనుకు తగిలించి హెడ్‌ఫోన్ పెట్టుకునే, 1 వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ కూడా ఇవ్వగలదు. అదే డాంగిల్‌కు సుస్వరను తగిలిస్తే వాల్యూమ్ చివరిదాకా పెంచినా పెద్ద దరువులు 95 డెసిబెళ్ల దగ్గరే ఆగిపోతాయి. అందుచేత హెడ్‌ఫోన్ ఎంత ఖరీదైనదైతే యాంప్లిఫయర్ కూడా అంత ఖరీదైనది ఉండాలన్న సలహా ఎవరు చెప్పినా, అది ఏ హెడ్‌ఫోన్ గురించో తెలియనంత వరకు దానికి అర్థం లేదు.

యాంప్లిఫయర్‌ను మనం అడగవలసినవి నిజానికి మూడే. హెడ్‌ఫోన్ కోరినంత వోల్టేజీనీ కరెంటునూ అది ఇవ్వగలదా? స్వరం స్వరానికీ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ (విద్యుత్ నిరోధం) మారుతున్నా తన వోల్టేజీని చెదరకుండా నిలబెట్టగలదా? పాట ఆగినప్పుడు తానూ నిశ్శబ్దంగా ఉండగలదా? ఈ మూడింటికీ జవాబు చెవుల మీదో సమీక్షకుల విశేషణాల మీదో ఆధారపడనక్కర్లేదు, కాగితం మీద లెక్క వేసి తేల్చవచ్చు. ఆ లెక్కలో నెగ్గిన యాంప్లిఫయర్ల మధ్య మిగిలేవి రూపం, సౌకర్యం, మన్నిక, అమ్మకం తర్వాతి సేవ వంటి తేడాలు. అవి చిన్న విషయాలని నేను అనను. ధ్వనితో వాటికి సంబంధం లేదని మాత్రం చెప్పగలను.

ఒకే అంకె, రెండు అర్థాలు

హెడ్‌ఫోన్ వివరాల పట్టికలో మనకు పనికొచ్చేవి రెండు అంకెలు. ఒకటి ఇంపెడెన్స్, అంటే కరెంటు ప్రవాహానికి హెడ్‌ఫోన్ చూపే నిరోధం, ఓమ్‌లలో ఇస్తారు. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇంత విద్యుత్తు ఇస్తే ఇంత శబ్దం వస్తుందని చెప్పే కొలత, డెసిబెళ్లలో ఇస్తారు. కొనేవాళ్లలో చాలామంది మొదటి అంకె మాత్రమే చూసి, 300 ఓమ్‌లంటే నడపడం కష్టమనీ 20 ఓమ్‌లంటే సులువనీ నిర్ణయానికి వచ్చేస్తారు. ఇంపెడెన్స్ ఒక్కటే చూసి ఆ మాట చెప్పడం కుదరదు. సుస్వర ఇంపెడెన్స్ 60 ఓమ్‌లే, కానీ దాన్ని నడపడం 600 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ హెడ్‌ఫోన్ కన్నా కష్టం, ఎందుకంటే దాని సెన్సిటివిటీ మిల్లీవాటుకు 83 డెసిబెళ్లు మాత్రమే.

సెన్సిటివిటీలో మరో చిక్కు ఉంది. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ హెచ్‌డీ 650కి ఇచ్చిన అంకె 103 డెసిబెళ్లు. అమెరికాకు చెందిన ఆడెజీ తన ఎల్‌సీడీ-ఎక్స్‌కు ఇచ్చిన అంకె కూడా 103 డెసిబెళ్లే. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ సమానంగా మోగుతాయనిపిస్తుంది. అయితే సెన్‌హైజర్ చెబుతున్నది 1 వోల్టు ఇచ్చినప్పుడు వచ్చే శబ్దం గురించి, ఆడెజీ చెబుతున్నది 1 మిల్లీవాటు ఇచ్చినప్పుడు వచ్చే శబ్దం గురించి. ఎల్‌సీడీ-ఎక్స్ ఇంపెడెన్స్ 20 ఓమ్‌లు. దానికి 1 వోల్టు ఇస్తే అది 50 మిల్లీవాట్లు తీసుకుంటుంది. శక్తి 50 రెట్లు పెరిగితే శబ్దం 17 డెసిబెళ్లు పెరుగుతుంది కనుక అదే 1 వోల్టుకు ఎల్‌సీడీ-ఎక్స్ 120 డెసిబెళ్లతో మోగుతుంది. హెచ్‌డీ 650కి సరిపోయేలా వాల్యూమ్ పెట్టి, దాన్ని తీసేసి, నాబ్ తగ్గించకుండా ఎల్‌సీడీ-ఎక్స్‌ను తగిలిస్తే చెవులు దెబ్బతినే ప్రమాదం ఉందంటే అతిశయోక్తి కాదు.

కాబట్టి రెండు హెడ్‌ఫోన్లను పోల్చేముందు వాటి సెన్సిటివిటీని ఒకే కొలతలోకి మార్చుకోవాలి. వెయ్యిని ఇంపెడెన్స్‌తో భాగించి, వచ్చిన సంఖ్యకు పది ఆధారంగా లాగరిథమ్ తీసి, పదితో గుణిస్తే రెండు కొలతల మధ్య తేడా డెసిబెళ్లలో వస్తుంది. ఫోనులోని కాలిక్యులేటర్ చాలు. 300 ఓమ్‌లకు ఆ తేడా సుమారు 5, 32 ఓమ్‌లకు సుమారు 15, 20 ఓమ్‌లకు 17. వోల్టు లెక్కన ఇచ్చిన అంకెలోంచి ఈ తేడాను తీసేస్తే మిల్లీవాటు లెక్క వస్తుంది. హెచ్‌డీ 650 ఆ విధంగా మిల్లీవాటుకు 98 డెసిబెళ్ల దగ్గర నిలుస్తుంది. ఏ లెక్కన ఇచ్చారో చెప్పకుండా ఉత్త 'డెసిబెళ్లు' అని రాసిన పట్టికను నమ్మి డబ్బు ఖర్చు పెట్టవద్దు. తయారీదారులందరూ ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలవరు కూడా, అందువల్ల ఈ లెక్కల్లో మూడు నాలుగు డెసిబెళ్ల వెసులుబాటు ఎప్పుడూ ఉంచుకోవాలి.

ఎంత శబ్దానికి సిద్ధపడాలి

పైన 110 డెసిబెళ్లు అన్నాను. అంత శబ్దంతో పాటలు వినమని దాని అర్థం కాదు. పెద్దవారు వారానికి 40 గంటల పాటు సగటున 80 డెసిబెళ్లకు మించకుండా వింటే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, 90 డెసిబెళ్ల దగ్గర వారానికి 4 గంటలే మిగులుతుంది. కాకపోతే అవి సగటు లెక్కలు. సంగీతంలో సగటుకూ శిఖరానికీ మధ్య ఎడం ఉంటుంది. ఇప్పటి సినిమా పాటలను మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చివరిగా ధ్వని సర్దేటప్పుడు, గట్టిగా నొక్కేస్తారు కనుక వాటిలో ఈ ఎడం తక్కువ. కర్ణాటక సంగీత కచేరీని ఉన్నదున్నట్టు రికార్డు చేస్తే గాత్రం మంద్రంలో సాగుతుండగా హఠాత్తుగా పడే మృదంగం దెబ్బ సగటుకు 20 డెసిబెళ్ల పైన ఉండవచ్చు. సింఫనీ రికార్డింగులు కూడా అంతే. సగటున 80 నుంచి 85 డెసిబెళ్లతో వినేవారికి ఆ క్షణిక శిఖరాలు 105 దాటకుండా ఉంటాయి. దాని మీద కొంత వెసులుబాటు కలిపితే 110 వస్తుంది. నా దృష్టిలో ఇంటి వినికిడికి ఇది ఉదారమైన అంచనా. 120 డెసిబెళ్లకు లెక్కగట్టి యాంప్లిఫయర్ కొనమనే సలహాలూ వినిపిస్తాయి. అలా చేస్తే పది రెట్ల శక్తికి డబ్బు పెడతాం, ఆ శక్తిని నిజంగా వాడితే మాత్రం వినికిడిని పోగొట్టుకుంటాం.

110 డెసిబెళ్ల లెక్కన హెడ్‌ఫోన్లు ఏమేం అడుగుతాయో ఇప్పుడు చూద్దాం. హెచ్‌డీ 650కి సుమారు 17 మిల్లీవాట్లు, అంటే 2.2 వోల్టులు, 7 మిల్లీయాంపియర్లు. 600 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ డీటీ 880కి 25 మిల్లీవాట్లు, కానీ అందుకోసం 3.9 వోల్టులు కావాలి, కరెంటు 6.5 మిల్లీయాంపియర్లే. ఎల్‌సీడీ-ఎక్స్‌కు 5 మిల్లీవాట్లు, వోల్టులో మూడో వంతు, కరెంటు మాత్రం 16 మిల్లీయాంపియర్లు. సుస్వరకు 5.5 వోల్టులు, 91 మిల్లీయాంపియర్లు రెండూ ఒకేసారి కావాలి. ఇక ఆస్ట్రియాకు చెందిన ఏకేజీ ఒకప్పుడు తయారుచేసిన కే1000 సంగతి వేరు: మిల్లీవాటుకు 74 డెసిబెళ్ల ఆ హెడ్‌ఫోన్‌కు 4 వాట్లు, 22 వోల్టులు కావాలి. దాన్ని నేరుగా స్పీకర్ యాంప్లిఫయర్‌కు తగిలించి వినేవారంటే కారణం అదే.

పొలంలో బోరుకు మోటారు ఎంచుకునేవారికి ఈ లెక్క కొత్త కాదు. లోతైన బోరులో సన్నటి ధార ఉంటే నీటిని అంత ఎత్తుకు తోయగల మోటారు కావాలి, పైపైనే పుష్కలంగా నీళ్లుంటే ఎత్తు అక్కర్లేదు గాని ఎక్కువ నీరు తోడగలగాలి. 300, 600 ఓమ్‌ల డైనమిక్ హెడ్‌ఫోన్లు (మామూలు స్పీకర్‌లా తీగచుట్టతో పొరను కదిలించేవి) వోల్టేజీని అడుగుతాయి, కరెంటును పెద్దగా ముట్టవు. తక్కువ సెన్సిటివిటీ గల ప్లానర్ హెడ్‌ఫోన్లు (సుస్వరలా, అయస్కాంతాల పక్కన చదునైన పలుచని పొర ఉండేవి) కరెంటును లాగేస్తాయి. 'ఇన్ని వాట్లు' అనే ఒక్క అంకెతో ఈ రెండు అవసరాలనూ కొలవలేం.

యాంప్లిఫయర్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో '1 వాటు' అని ఉంటే, ఆ పక్కన చిన్న అక్షరాల్లో ఎన్ని ఓమ్‌ల దగ్గరో చూడాలి. చాలావరకు 32 ఓమ్‌లని ఉంటుంది. 32 ఓమ్‌లలో 1 వాటు అంటే 5.7 వోల్టులు, 177 మిల్లీయాంపియర్లు. అదే యాంప్లిఫయర్ 300 ఓమ్‌లలో అదే 5.7 వోల్టులు ఇస్తే వచ్చేది 107 మిల్లీవాట్లే, అయినా హెచ్‌డీ 650 అవసరానికి అది ఆరు రెట్లు. తయారీదారుడు 32, 300, 600 ఓమ్‌ల దగ్గర విడివిడిగా శక్తిని ప్రకటిస్తే అది మంచి సూచన: ప్రతి అంకెనూ ఇంపెడెన్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే వోల్టేజీ వస్తుంది, ఎక్కువ ఓమ్‌ల దగ్గర ఆ వోల్టేజీ పెరగకుండా నిలిచిపోతే అదే ఆ యంత్రం అసలు పరిమితి. 2011లో ఒక ఇంజనీరు తన అసలు పేరు చెప్పకుండానే ఓ2 అనే యాంప్లిఫయర్ డిజైన్‌ను అందరికీ అందుబాటులో పెట్టాడు. సాధారణమైన ఆప్-యాంప్ చిప్పులతో కట్టిన ఆ చిన్న పెట్టె 7 వోల్టులకు పైగా ఇస్తుంది. 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ను కూడా నిశ్చింతగా నడపడానికి అది చాలు. ఆ తర్వాత దశాబ్దంలో చవక యాంప్లిఫయర్ల కొలతలు మరీ మెరుగుపడ్డాయి.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్

శక్తి సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. యాంప్లిఫయర్‌కు కూడా లోపల కొంత నిరోధం ఉంటుంది. హెడ్‌ఫోన్, ఈ నిరోధం వరసగా కలిసి వోల్టేజీని పంచుకుంటాయి. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉంటే ఈ పంపకం వల్ల శబ్దం కాస్త తగ్గుతుంది, అంతే. కానీ డైనమిక్ హెడ్‌ఫోన్లకు పట్టిక మీద రాసిన 300 ఓమ్‌లు నామమాత్రం. హెచ్‌డీ 650 ఇంపెడెన్స్ బేస్ ప్రాంతంలో, దాని డయాఫ్రమ్ (శబ్దం పుట్టించే పలుచని పొర) సహజంగా కంపించే చోట, 500 ఓమ్‌ల దగ్గరికి లేస్తుంది. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 120 ఓమ్‌లయితే మధ్య స్వరాల దగ్గర దాదాపు 2.9 డెసిబెళ్లు నష్టపోతాం, బేస్ దగ్గర 1.9 డెసిబెళ్లే నష్టపోతాం. అంటే మధ్య స్వరాలతో పోలిస్తే బేస్ ఒక డెసిబెల్ పైకి లేచినట్టు. ట్యూబ్ (పాతకాలపు గాజు వాల్వుల) యాంప్లిఫయర్‌తో విన్నప్పుడు 'వెచ్చదనం' వచ్చిందని చాలామంది చెప్పే అనుభవంలో కొంత భాగం ఈ పంపకం వల్ల వచ్చిందే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ యాంప్లిఫయర్ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సాధారణంగా ఎక్కువ. అవి 300, 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు బాగా నప్పుతాయనీ, తక్కువ ఓమ్‌ల ప్లానర్లకు నప్పవనీ అనుభవజ్ఞులు అంటుంటారు; దాని వెనకున్నదీ ఇదే లెక్క. ఒక డెసిబెల్ బేస్ కొందరికి ఇష్టంగానే ఉంటుంది, ఉండనీయండి. అది ఇష్టమని తెలిసి కొనడం ఒకటి, యాంప్లిఫయర్‌లో ఏదో మర్మం ఉందని నమ్మి కొనడం ఇంకొకటి.

ఈ 120 ఓమ్‌ల అంకె నేను ఉదాహరణ కోసం ఊహించినది కాదు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1996లో ఇచ్చిన 61938 నంబరు ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌లకు 120 ఓమ్‌లనే సిఫారసు చేసింది. ఎలాంటి హెడ్‌ఫోన్ తగిలించినా శబ్దం మరీ ఎక్కువ తేడా లేకుండా రావడానికి అది పనికొస్తుంది. పాత స్టీరియో రిసీవర్లలో స్పీకర్ అవుట్‌పుట్‌కు వందల ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి హెడ్‌ఫోన్ జాక్‌గా ఇచ్చేవారు. ఇంట్లో ఉన్న పాత రిసీవర్‌కు కొత్త ఇన్-ఇయర్ మానిటర్‌ను (చెవి రంధ్రంలో దూర్చుకునే రకం) తగిలించి, ధ్వని ఎందుకిలా మారిందని ఆశ్చర్యపోయేవారు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

అసలు ప్రమాదం ఇన్-ఇయర్ మానిటర్ల దగ్గరే. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే అతి చిన్న భాగాలు, నాలుగైదు కలిపి కట్టిన వాటిలో ఇంపెడెన్స్ ఒక స్వరం దగ్గర 5 ఓమ్‌లు, ఇంకో స్వరం దగ్గర 30 ఓమ్‌లు ఉన్నా వింత కాదు. అలాంటి దాన్ని 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌కు తగిలిస్తే మొదటి చోట 9.5 డెసిబెళ్లు, రెండో చోట 2.5 డెసిబెళ్లు పడిపోతుంది. ఏడు డెసిబెళ్ల వంకర! తయారీదారుడు ఎంతో శ్రద్ధగా తీర్చిన ధ్వని పూర్తిగా వేరే హెడ్‌ఫోన్ ధ్వనిలా మారిపోతుంది. ప్లానర్ హెడ్‌ఫోన్లకు ఈ బాధ దాదాపు లేదు. వాటి ఇంపెడెన్స్ ఈ కొస నుంచి ఆ కొస దాకా చదునుగా ఉంటుంది కనుక శబ్దం తగ్గుతుందే తప్ప తీరు మారదు.

ఇంజనీర్లు చెప్పే తేలిక సూత్రం ఒకటుంది: అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు, 300 ఓమ్‌ల దానికి 37 ఓమ్‌లు. డైనమిక్ హెడ్‌ఫోన్లకు ఇది చాలు. ఇన్-ఇయర్ల విషయంలో 1 ఓమ్ లోపు ఉన్నదే కొనమని నా సలహా. ఇప్పటి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో అది అరుదేమీ కాదు, ఈ అంకెను ప్రకటించని యాంప్లిఫయర్‌ను పక్కన పెట్టినా నష్టం లేదు.

నిశ్శబ్దం, గెయిన్

కొన్ని ఇన్-ఇయర్ మానిటర్లు 7 మిల్లీవోల్టులకే 94 డెసిబెళ్లు మోగుతాయి. పాట ఏదీ లేనప్పుడు యాంప్లిఫయర్ నుంచి 10 మైక్రోవోల్టుల సద్దు వస్తుంటే వాటిలో అది 37 డెసిబెళ్ల బుస్సుమనే శబ్దమవుతుంది. రాత్రి నిశ్శబ్దమైన గదిలో స్పష్టంగా వినబడుతుంది. సద్దు 2 మైక్రోవోల్టులయితే 23 డెసిబెళ్లకు దిగుతుంది. సుస్వర కోసం కొన్న బలమైన యాంప్లిఫయర్ ఇన్-ఇయర్‌కు పనికిరాకపోవడం ఇందువల్లే; ఇన్-ఇయర్‌కు చక్కగా ఉన్న చిన్న యంత్రం సుస్వర ముందు చేతులెత్తేసేది మాత్రం శక్తి చాలకే. రెండూ ఉన్నవారు రెండింటినీ ఒకదానితోనే నడపాలనుకుంటే గెయిన్‌ను తక్కువకు మార్చే స్విచ్చు ఉన్నదీ, తక్కువ గెయిన్‌లో సద్దు ఎంతో ప్రకటించినదీ చూసుకోవాలి.

గెయిన్ అంటే శక్తి అని పొరబడేవారు చాలామంది. గెయిన్ అంటే లోపలికి వచ్చిన వోల్టేజీ ఎన్ని రెట్లయి బయటికి వెళుతుందన్నది మాత్రమే. సీడీ ప్లేయర్ల కాలం నుంచీ డాక్‌ల (డిజిటల్ సంగీతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాల) అవుట్‌పుట్ సాధారణంగా 2 వోల్టులు. గెయిన్ ఒకటే ఉన్నా, అంటే ఏమీ పెంచకపోయినా, ఆ 2 వోల్టులతో హెచ్‌డీ 650 109 డెసిబెళ్లకు చేరుతుంది. అక్కడ ఆరు రెట్ల గెయిన్ పెడితే వాల్యూమ్ నాబ్‌ను, గడియారం ముల్లులా చూస్తే, ఎనిమిది గంటల స్థానం దాటించడానికే భయమేస్తుంది. పైగా నాబ్ మొదట్లో దాని వెనక ఉండే చవకరకం పొటెన్షియోమీటర్లలో (తిప్పితే నిరోధం మారే భాగాల్లో) కుడి ఎడమ ఛానెళ్లు సమంగా ఉండవు, గాయకుడి గొంతు ఒక పక్కకు జరిగినట్టు వినిపిస్తుంది. మనం వినే శబ్దం నాబ్ పదకొండు నుంచి రెండు గంటల స్థానాల మధ్య దొరికేలా గెయిన్ ఎంచుకుంటే చాలు.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ గురించి ఒక్క మాట. 4.4 మిల్లీమీటర్ల జాక్, నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న యంత్రాలకు ఎక్కువ ధర చెబుతారు. వాటిలో ఒక్కో ఛానెల్‌కు రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగా పనిచేస్తాయి కనుక వోల్టేజీ రెట్టింపవుతుంది, కరెంటు కూడా సరిపడా ఉంటే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా రెట్టింపవుతుంది. సుస్వర వంటి వాటికి ఆ అదనపు వోల్టేజీ నిజంగా అక్కరకొస్తుంది. ఎల్‌సీడీ-ఎక్స్‌కో యుటోపియాకో వోల్టేజీ కొరతే లేదు, కనుక బ్యాలెన్స్‌డ్ కేబుల్ కోసం వేలు ఖర్చు పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

చెవులతో పోల్చేటప్పుడు

లెక్కలు కుదిరిన రెండు యాంప్లిఫయర్ల మధ్య తేడా వినిపించిందని ఎవరైనా అంటే, ముందు అడగవలసిన ప్రశ్న, రెండింటి శబ్దం సమానంగా ఉందా అని. అర డెసిబెల్ ఎక్కువ ఉన్నది మనకు ఎక్కువ శబ్దంగా అనిపించదు. ఎక్కువ స్పష్టంగా, ఎక్కువ జీవంతో ఉన్నట్టు అనిపిస్తుంది. పోల్చాలంటే 400 హెర్ట్జ్‌ల సైన్ తరంగాన్ని ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి కొలవాలి. రెండు యంత్రాల వోల్టేజీల మధ్య తేడా ఒక శాతం లోపు వచ్చేదాకా నాబ్ సర్దాలి. ఆ తర్వాత ఏది ఏదో తెలియకుండా వేరే మనిషి చేత మార్పించి వినాలి. ఇంత శ్రమ ఎందుకనిపించవచ్చు. అరవై డెబ్బై వేల రూపాయలు పెట్టబోతున్నప్పుడు ఒక సాయంత్రం శ్రమ ఎక్కువేమీ కాదు.

మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో వక్రీకరణ, సద్దు కలిపి అసలు సంకేతానికి 110 నుంచి 120 డెసిబెళ్ల దిగువన ఉంటున్నాయి. హెడ్‌ఫోన్ల సొంత వక్రీకరణ బేస్ దగ్గర 40 నుంచి 60 డెసిబెళ్ల దిగువన మాత్రమే ఉంటుంది. కాబట్టి 112 ఉన్న యంత్రాన్ని వదిలి 120 ఉన్నదానికి పరుగెత్తడం వల్ల వినేవారికి ఒరిగేదేమీ లేదు. ధ్వనిని మార్చుకోవాలనుకుంటే ఈక్వలైజర్ ఎంతో మెరుగైన దారి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో బేస్‌ను 3 డెసిబెళ్లు పెంచి వింటే ఏ ట్యూబ్ మార్చినా రాని తేడా వినబడుతుంది. అయితే ఇక్కడ యాంప్లిఫయర్‌తో మళ్లీ పని పడుతుంది: బేస్‌ను 6 డెసిబెళ్లు పెంచితే ఆ స్వరాలకు నాలుగు రెట్ల శక్తి కావాలి, సాఫ్ట్‌వేర్‌లో శిఖరాలు తెగిపోకుండా మొత్తం శబ్దాన్ని ముందే 6 డెసిబెళ్లు తగ్గించాలి కూడా. ఈక్వలైజర్ వాడే అలవాటున్నవారు పైన చెప్పిన వోల్టేజీ లెక్కలను రెట్టింపు చేసుకోవాలి.

ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు, అంటే అయస్కాంతం లేకుండా అధిక వోల్టేజీతోనే పలుచని పొరను కదిలించేవాటికి, ఈ లెక్కలేవీ వర్తించవు. జపాన్‌కు చెందిన స్టాక్స్ 1960 నుంచి చేస్తున్న ఈ రకంలో ఇప్పటివాటికి 580 వోల్టుల బయాస్ (ఎప్పుడూ నిలిచి ఉండే వోల్టేజీ), వందల వోల్టుల సంకేతం కావాలి. వాటి అయిదు పిన్నుల ప్లగ్గు మామూలు జాక్‌లో దూరదు, వాటి కోసమే చేసిన యాంప్లిఫయర్‌ను వెంట కొనాల్సిందే. కే1000, సుస్వర వంటివాటిని స్పీకర్ యాంప్లిఫయర్‌తో నడపాలనుకునేవారు మరో జాగ్రత్త పాటించాలి. చాలా క్లాస్-డీ స్పీకర్ యాంప్లిఫయర్లలో కుడి ఎడమల నెగటివ్ టెర్మినళ్లు గ్రౌండు కావు. మామూలు మూడు భాగాల హెడ్‌ఫోన్ ప్లగ్గు వాటిని కలిపేస్తే యంత్రం కాలిపోవచ్చు. అక్కడ నాలుగు తీగల బ్యాలెన్స్‌డ్ కేబుల్ తప్పనిసరి.

మన ఇళ్లలో

విదేశీ సమీక్షల్లో కనిపించని సమస్యలు రెండు మన ఇళ్లలో ఎదురవుతాయి. మొదటిది ఎర్తింగ్. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ వైరు ఉందని చెప్పలేం. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే హెడ్‌ఫోన్‌లో గుయ్యిమనే శబ్దం మొదలై, చార్జర్ తీయగానే ఆగితే తప్పు యాంప్లిఫయర్‌ది కాదు. ఎర్తింగ్ సరిచేయించడం శాశ్వత పరిష్కారం. అది కుదరనివారు కంప్యూటర్ నుంచి డాక్‌కు ఆప్టికల్ కేబుల్ వాడితే ఆ విద్యుత్ సంబంధం తెగిపోతుంది. ఈ గుయ్యిమనే శబ్దాన్ని వదిలించుకోవాలని యాంప్లిఫయర్ తర్వాత యాంప్లిఫయర్ మార్చినా ఫలితం ఉండదు.

రెండోది అమెరికా నుంచి తెప్పించుకునేవారికి. అన్నయ్యో, బావో వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చే యాంప్లిఫయర్ అక్కడి 120 వోల్టులకు చేసినది కావచ్చు. వెనక 115, 230 అని మార్చే స్విచ్చు ఉంటే ప్లగ్గు పెట్టకముందే మార్చాలి. అడాప్టర్ ఉంటే దాని మీద '100 నుంచి 240 వోల్టులు' అని ఉందో లేదో చదవాలి. ఓ2 వంటి కొన్ని యంత్రాలు డీసీకి బదులు ఏసీనే ఇచ్చే అడాప్టర్‌తో నడుస్తాయి. అందులో ఉండేది మామూలు ట్రాన్స్‌ఫార్మర్ కనుక 120 వోల్టులదాన్ని మన 230 వోల్టులకు పెడితే వేడెక్కి మాడిపోతుంది. అలాంటప్పుడు అడాప్టర్‌ను మాత్రం ఇక్కడి 230 వోల్టులకు సరిపడేది, అదే అవుట్‌పుట్ వోల్టేజీ, అంతకు తగ్గని కరెంటు గలది కొనుక్కోవాలి.

ఇన్ని చూశాక కూడా ఏది కొనాలో తేలనివారికి నేను చెప్పేది ఒకటే. హెడ్‌ఫోన్‌ను ముందు 1 వోల్టు ఇచ్చే మంచి డాంగిల్‌తో నెలరోజులు వినండి. ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ అలాంటిదే. యూరప్‌లో అమ్మే రకం మాత్రం అందులో సగమే ఇస్తుంది, ఎక్కడ కొన్నదో చూసుకోవాలి. మీరు వినే మెల్లని రికార్డింగులో కూడా వాల్యూమ్ చివరిదాకా వెళ్లకుండానే సరిపోతే యుటోపియా, ఎల్‌సీడీ-ఎక్స్ వంటి హెడ్‌ఫోన్లకు ఇంకో యంత్రం అవసరం లేదు. చివరిదాకా వెళ్లినా చాలకపోతే ఇంకా ఎన్ని డెసిబెళ్లు కావాలో అంచనా వేసుకోండి. ప్రతి 6 డెసిబెళ్లకూ వోల్టేజీ రెట్టింపు కావాలి. 6 డెసిబెళ్లు తక్కువైతే 2 వోల్టుల యంత్రం, 12 తక్కువైతే 4 వోల్టులది, 600 ఓమ్‌లకో సుస్వరకో అయితే 6 వోల్టుల పైన, సుస్వరకైతే దానితోపాటు 100 మిల్లీయాంపియర్లకు తగ్గని కరెంటు ఇచ్చేది. దుకాణదారుడిని అడగవలసినది ఆ రెండు అంకెలూ, అవుట్‌పుట్ ఇంపెడెన్సూ. అవి చెప్పలేకపోతే తయారీదారుడి పట్టిక తెరిచి చూపించమనండి.